లిఫ్ట్ చేసిన ట్రక్కు టైర్లు ఒకవైపే ఎందుకు అరుగుతాయి? అలైన్‌మెంట్‌కి డబ్బు కట్టే ముందు ఇలా చెక్ చేయండి

ఫోన్ ఛార్జింగ్ తొందరగా అయిపోతుంటే మనం నేరుగా సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తం. ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఏ యాప్ ఎంత బ్యాటరీ తింటోందో చూస్తాం. అదే ట్రక్కు టైర్ల దగ్గరికి వచ్చేసరికి ఈ తెలివి ఎక్కడికి పోతుందో తెలీదు. లోపలి అంచు గుండైపోయిందని ఎవరో చెప్తారు, వెంటనే అలైన్‌మెంట్ చేయించేస్తాం, ప్రింట్‌లో అన్నీ గ్రీన్ కనిపిస్తే హాయిగా ఇంటికొచ్చేస్తాం. ఆరు నెలలు తిరగకుండానే మళ్లీ అదే అంచు అరిగిపోతుంది.

కంపెనీ ఎత్తులో ఉన్న బండికి ఆ పద్ధతి చాలావరకు సరిపోతుంది. లిఫ్ట్ కిట్ వేసిన బండికి సరిపోదు. ఎందుకో, కారణాన్ని ఇంటి దగ్గరే ఎలా పట్టుకోవచ్చో ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

లిఫ్ట్ చేసిన పికప్‌లు ఎక్కువగా కనిపించేది అమెరికాలోనే. టకోమా, ఎఫ్-150, జీప్ రాంగ్లర్ లాంటి వాటికి 2 అంగుళాల నుంచి 6 అంగుళాల దాకా ఎత్తు పెంచే కిట్లు రకరకాలుగా అమ్ముతారు. అక్కడున్న మన రీడర్లకి ఇది నేరుగా పనికొస్తుంది. ఇక్కడ థార్, జిమ్నీ, వీ-క్రాస్, హైలక్స్ ఉన్నవాళ్లకీ సూత్రాలు ఇవే. కాకపోతే ఒక మాట. మన మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయం గట్టిగా చెప్పింది. ఇండియాలో కిట్ కొనే ఆలోచన ఉంటే ముందు ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర కనుక్కోండి.

ముందు కొలవండి, తర్వాత అనుమానించండి

ట్రక్కు పక్కన నిలబడి చూస్తే కనిపించేది టైర్ బయటి అంచు మాత్రమే. వెడల్పాటి ఆల్-టెర్రైన్ టైర్ వేసినప్పుడు లోపలి అంచు చాసిస్ నీడలో ఉండిపోతుంది. బయట గాళ్లు లోతుగా, కొత్తగా మెరుస్తూ ఉంటాయి, లోపల వైర్లు తేలిపోయి ఉంటాయి. వానలో హైవే మీద 100లో వెళ్తున్నప్పుడు టైర్ కింద నీళ్లు బయటికి పోవాల్సింది ఆ గాళ్లలోంచే. అందుకే ఇది డబ్బు విషయం మాత్రమే కాదు. చెకింగ్‌లో ఎక్కడైనా వైరు గానీ గుడ్డ పొర గానీ కనిపిస్తే మిగతా పరీక్షలన్నీ ఆపేయండి. ఆ టైర్ తీసేసి స్టెప్నీ వేయండి.

చవకలో దొరికే డిజిటల్ ట్రెడ్ డెప్త్ గేజ్ ఒకటి కొనుక్కోండి. లైడార్ ఉన్న ఐఫోన్ ప్రో ఉంది కదా, దాంతో స్కాన్ చేస్తే సరిపోదా అనొచ్చు. సరిపోదు. గది కొలవడానికి ఆ సెన్సర్ బాగుంటుంది గానీ మిల్లీమీటర్ తేడాలు పట్టుకునేంత సూక్ష్మం కాదు.

ఒక్కో టైర్‌కి బయటి గాడి, మధ్య గాడి, లోపలి గాడి, ఈ మూడూ కొలవండి. చుట్టూ మూడు చోట్ల అలా కొలిస్తే టైర్‌కి 9 రీడింగ్‌లు, నాలుగు టైర్లకి 36. అన్నీ స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించండి. పక్కనే తేదీ, ఓడోమీటర్ రీడింగ్, టైర్లు ఆఖరిసారి ఎప్పుడు మార్చి వేశారో రాయండి. ఈ చివరిది చాలామంది మర్చిపోతారు, కానీ మొత్తం లెక్కలో ముఖ్యమైనది అదే. ఇప్పుడు వెనక ఉన్న టైర్ మీద కనిపించే అరుగుదల అది ముందున్నప్పుడు పడింది కావొచ్చు. అది తెలియకపోతే వెనక యాక్సిల్‌ని అనవసరంగా అనుమానిస్తాం.

ఓడోమీటర్‌ని కూడా గుడ్డిగా నమ్మొద్దు. 31 అంగుళాల టైర్ తీసేసి 33 వేశారనుకోండి, చుట్టుకొలత 6 శాతం పైనే పెరుగుతుంది. మీటర్‌లో 10,000 చూపిస్తే నిజంగా తిరిగింది 10,600 పైమాటే. స్పీడోమీటర్‌ని రీక్యాలిబ్రేట్ చేయించకపోతే ఫోన్ జీపీఎస్‌తో పోల్చి చూసుకోండి.

అరచెయ్యే బెస్ట్ సెన్సర్

గేజ్ ఎంత అరిగిందో చెప్తుంది. ఎలా అరిగిందో చెప్పేది చెయ్యి. హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపి, వైర్లు తేలిన చోటు లేదని చూసుకున్నాక, అరచేతిని ట్రెడ్ మీద అడ్డంగా నెమ్మదిగా జరపండి. మొదట బయటి నుంచి లోపలికి, తర్వాత లోపలి నుంచి బయటికి. రెండు వైపులా ఒకేలా నున్నగా ఉండి, ఒక అంచు వైపు వాలుగా అరిగి ఉంటే కాంబర్‌ని అనుమానించాలి. కాంబర్ అంటే ముందు నుంచి చూసినప్పుడు చక్రం పైభాగం లోపలికో బయటికో వాలి ఉండటం. ఒక వైపు జరిపితే నున్నగా, ఎదురు జరిపితే రంపపు పళ్లలా గుచ్చుకుంటుంటే అది టో సమస్య. పై నుంచి చూసినప్పుడు రెండు ముందు చక్రాల ముక్కులు దగ్గరికి వచ్చి ఉంటే టో-ఇన్, దూరంగా ఉంటే టో-అవుట్.

ఆ రంపం ఎటు గుచ్చుకుంటోందో చూస్తే దిశ కూడా తెలిసిపోతుంది. రబ్బరుతో పెన్సిల్ గీత చెరిపేటప్పుడు రబ్బరు ముందు అంచు గుండ్రంగా అరుగుతుంది, వెనక అంచు పదునుగా మిగులుతుంది కదా, ఇక్కడా అంతే. టో-అవుట్ ఉన్న చక్రం రోడ్డు మీద లోపలి వైపుకి రాసుకుంటూ పోతుంది. అందుకని ప్రతి ట్రెడ్ పట్టీకి లోపలి అంచు గుండ్రబడి, బయటి అంచు పదునెక్కుతుంది. చెయ్యి బయటి నుంచి లోపలికి జరిపితే గుచ్చుకుంటుంది. టో-ఇన్ అయితే సరిగ్గా దీనికి రివర్స్.

టైర్ చుట్టూ అక్కడక్కడా గుంటలు పడినట్టు ఉంటే మాత్రం అలైన్‌మెంట్ వైపు చూడకండి. షాక్ అబ్జార్బర్ పని అయిపోయి చక్రం ఎగిరెగిరి పడుతోంది, లేదా వీల్ బ్యాలెన్స్ తప్పింది. ఎత్తు పెంచి పాత షాక్‌లనే ఉంచేసిన బళ్లలో ఈ గుంటలు ఎక్కువ. ఇక పెద్ద బ్లాకులున్న ఆల్-టెర్రైన్, మడ్ టైర్లలో బ్లాక్ ముందు అంచు ఒకలా, వెనక అంచు ఒకలా అరగడం మామూలే. అది టైర్లు మార్చి వేస్తూ ఉంటే సర్దుకుంటుంది, కంగారు పడకండి.

ఒక ఉదాహరణ చేసి చూద్దాం

ఒక టకోమా అనుకుందాం. ముందు 3 అంగుళాల స్పేసర్ లిఫ్ట్, 32 అంగుళాల కొత్త టైర్లు, కొత్తలో ట్రెడ్ లోతు 12 మిల్లీమీటర్లు. 12,000 కిలోమీటర్లు తిరిగింది, టైర్లు ఒక్కసారి కూడా మార్చి వేయలేదు. గేజ్ ఇలా చూపించింది: ముందు ఎడమ టైర్ బయట 9.2, మధ్య 9.0, లోపల 6.1. ముందు కుడి టైర్ బయట 9.0, మధ్య 9.1, లోపల 6.4. వెనక ఎడమ 9.8, 9.1, 9.7. వెనక కుడి 9.7, 9.0, 9.8.

వెనకవి తేలిక, ముందు వాటిని తేల్చేద్దాం. రెండింటిలోనూ అంచుల కన్నా మధ్యలో ఎక్కువ అరిగింది. గాలి ఎక్కువైంది, అంతే. ఎల్‌టీ రకం, లోడ్ రేంజ్ ఈ టైర్లు బరువు మోయడానికి 80 పీఎస్ఐ దాకా తట్టుకుంటాయి. అలాగని ఖాళీ ట్రక్కుకి అంత గాలి కొడితే టైర్ మధ్యలో ఉబ్బి అక్కడే ఆనుతుంది. డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్న ప్రెషర్ కంపెనీ టైర్‌కి లెక్కగట్టింది, సైజు, రకం మారాక అది మొదటి అంచనాగా కూడా సరిగ్గా కుదరకపోవచ్చు. కొత్త టైర్ కంపెనీ ఇచ్చే లోడ్, ప్రెషర్ టేబుల్ చూసి మొదలుపెట్టండి. తర్వాత సుద్దముక్కతో ట్రెడ్ మీద అడ్డంగా మందంగా ఒక గీత గీసి, ఖాళీ చోట తిన్నగా ఓ వంద మీటర్లు నడపండి. గీత మొత్తం సమానంగా చెరిగితే సరే. మధ్యలోనే చెరిగితే టేబుల్ చెప్పిన కనీసం కన్నా కిందికి పోకుండా కొంచెం గాలి తగ్గించండి.

ఇప్పుడు అసలు కేసు. ముందు రెండు టైర్లూ లోపలి అంచులో దాదాపు ఒకేలా అరిగాయి. ఒక్క టైరే అరిగుంటే ఆ పక్కన వంగిన భాగమో, లూజైన బాల్ జాయింటో ఉందనుకోవచ్చు. రెండూ సమానంగా అరిగాయంటే టో మీదకే ముందు చూపు పోవాలి. టో తప్పినప్పుడు బండి తిన్నగా పోతుంటే ఆ తప్పు రెండు చక్రాలూ చెరి సగం పంచుకుంటాయి. చెయ్యి బయటి నుంచి లోపలికి జరిపితే గుచ్చుకుంది. టో-అవుట్. అలైన్‌మెంట్ మెషిన్ కూడా సర్దక ముందు మొత్తం టో-అవుట్ 0.30 డిగ్రీలు ఉందని చూపించిందనుకోండి.

0.30 డిగ్రీలు అంటే ఎంత? 32 అంగుళాల టైర్ మీద, చక్రాల ముందు వైపు దూరానికీ వెనక వైపు దూరానికీ తేడా 4 మిల్లీమీటర్ల చిల్లర. కంటికి ఆనదు. కానీ ఒక్కో చక్రం 0.15 డిగ్రీలు పక్కకి చూస్తోంది. అంటే ప్రతి కిలోమీటర్‌కీ 2.6 మీటర్లు అడ్డంగా జరగాలి. 12,000 కిలోమీటర్లకి లెక్కేస్తే 31 కిలోమీటర్లు. రబ్బరు సాగే గుణం వల్ల ఇందులో కొంత సర్దుకుపోతుంది, మొత్తం ఈడ్చుకుపోదు. అయినా ట్రక్కుని 31 కిలోమీటర్లు పక్కకి లాగుతుంటే రబ్బరు ఏం మిగులుతుంది చెప్పండి. అర డిగ్రీ కాంబర్ తప్పిదం చేసే నష్టం దీనితో పోలిస్తే చాలా నిదానం. అందుకే రెండూ తప్పినా ముందు టో సంగతి చూడాలంటాను.

ఎత్తు పెంచితే ఏం కదులుతుంది?

ఇది మీ బండి కింద ఏ రకం సస్పెన్షన్ ఉందో దాన్ని బట్టి ఉంటుంది. టకోమా, హైలక్స్, వీ-క్రాస్, 2020 తర్వాతి థార్, వీటన్నింటికీ ముందు ఇండిపెండెంట్ సస్పెన్షనే. పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్. ఎత్తు పెంచగానే రెండు ఆర్మ్‌లూ కిందికి వాలతాయి. రెండింటి పొడవూ వేరు కాబట్టి చక్రం వాలు మారుతుంది, స్టీరింగ్ నుంచి వచ్చే టై రాడ్ కూడా ఏటవాలై టో మారుతుంది. క్యాస్టర్ సాధారణంగా తగ్గుతుంది, అంటే మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రావడం మందగిస్తుంది. చక్రం లోపలికి వాలుతుందా బయటికా అన్నది ఆర్మ్‌ల కొలతల మీద, ఎంత ఎత్తు పెంచారన్న దాని మీద ఆధారపడుతుంది. ఇంటర్నెట్‌లో ఎవరి బండికో వచ్చిన ఫలితం చూసి మీ బండికి కూడా అదేననుకోవద్దు. దిశ కచ్చితంగా చెప్పగలిగిన కేసు ఒకటుంది. ఫోర్డ్ 1965లో తెచ్చిన ట్విన్ ఐ-బీమ్ సస్పెన్షన్. దాన్ని ఎత్తితే చక్రాల కింది భాగాలు దగ్గరికి వస్తాయి, పై భాగాలు బయటికి వాలతాయి, బయటి అంచు తినేస్తుంది.

రాంగ్లర్, జిమ్నీ లాంటి వాటిలో ముందు కూడా ఒకే గట్టి యాక్సిల్. ఎత్తు పెంచినంత మాత్రాన వీటి కాంబర్ మారదు. కాంబర్ తప్పిందంటే యాక్సిల్ వంగిందేమో, బాల్ జాయింట్లో కింగ్‌పిన్ బేరింగ్‌లో పోయాయేమో చూడాలి. యాక్సిల్ మాత్రం కాస్త తిరిగి క్యాస్టర్ తగ్గుతుంది. ట్రాక్ బార్ వల్ల యాక్సిల్ మొత్తం ఒక పక్కకి జరుగుతుంది కూడా.

స్ప్రింగ్‌లు కొత్తవైతే మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో కాస్త దిగుతాయి. కిట్ వేసిన రోజే చేసిన అలైన్‌మెంట్ ఆ తర్వాత నిలబడదు. రూఫ్ టెంట్, స్టీల్ బంపర్, విన్చ్ లాంటివి ఎక్కించినా అంతే. వీల్ సెంటర్ నుంచి ఫెండర్ అంచు వరకు టేపుతో కొలిచి రెండు పక్కలా పోల్చి రాసి పెట్టుకోండి. ఎప్పుడు ఎంత దిగిందో అదే చెప్తుంది.

ఫోన్‌తో ఏం చేయొచ్చు, ఏం చేయలేం

కాంబర్‌ని ఫోన్‌లోని లెవెల్ యాప్‌తో ఓ మాదిరిగా చూడొచ్చు. సమతలంగా ఉన్న చోట బండి ఆపి, నేల మీద యాప్‌ని జీరో చేయండి. రిమ్ పై అంచుకీ కింది అంచుకీ తగిలేలా తిన్నని స్కేలు నిలువుగా ఆనించి, ఫోన్‌ని దానికి పెట్టండి. కవర్ తీసేయండి, కెమెరా బంప్ స్కేలుకి తగలకుండా ఫోన్ పక్క అంచునే ఆనించండి. లేకపోతే కొలిచేది కెమెరా మందాన్ని. ఒక రీడింగ్ తీసుకున్నాక బండిని చక్రం అర చుట్టు తిరిగేంత ముందుకి జరిపి మళ్లీ కొలిచి సగటు తీయండి, రిమ్ కాస్త వంకరున్నా ఆ తప్పు పోతుంది. అర డిగ్రీ తేడా ఉంటే తెలుస్తుంది. ఆ అంకె పట్టుకుని అలైన్‌మెంట్ సెట్ చేయడానికి మాత్రం పనికిరాదు.

నాకు ఇంకా నచ్చిన ప్రయోగం వైబ్రేషన్‌ది. జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆఖెన్ యూనివర్సిటీ వాళ్ల ఫైఫాక్స్ యాప్‌లో యాక్సిలరేషన్ స్పెక్ట్రమ్ ఉంటుంది. ఫోన్‌ని డ్యాష్‌బోర్డు మీద గట్టిగా బిగించి, పక్క సీట్లో ఉన్నవాళ్లకి ఆపరేట్ చేయమనండి. 32 అంగుళాల టైర్ 100 కిలోమీటర్ల స్పీడ్‌లో సెకనుకి దాదాపు 11 చుట్లు తిరుగుతుంది. గ్రాఫ్‌లో 11 హెర్ట్జ్ దగ్గర శిఖరం కనిపించి, స్పీడ్ సగానికి తగ్గిస్తే అది కూడా ఐదున్నరకి జారితే తప్పు చక్రంలో, టైర్‌లో ఉంది. ఎత్తు పెంచిన ట్రక్కుల్లో ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం తప్పి వచ్చే వణుకు వేరు. యాక్సిల్ రేషియో 3.9 అనుకుంటే అదే స్పీడ్‌లో షాఫ్ట్ 42 చుట్లు తిరుగుతుంది, కోణం తప్పు దానికి రెట్టింపుగా 85 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. 100 హెర్ట్జ్ శాంప్లింగ్ ఉన్న ఫోన్‌కి 50 పైన ఏదీ సరిగ్గా కనిపించదు కాబట్టి మీ సెన్సర్ రేటు ముందు చూసుకోండి. ఈ తేడా తెలిస్తే టైర్లు మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించే ఖర్చు తప్పుతుంది.

గ్రీన్ వచ్చినా అరుగుతూనే ఉంటే

షాపుకి వెళ్లే ముందు జాకీ ఎత్తి, స్టాండ్ పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే బాల్ జాయింటో బేరింగో. ఎడమా కుడీ పట్టుకుని ఊపితే కదిలిందంటే టై రాడ్ ఎండ్. పెద్ద టైర్లు వీటి మీద భారం పెంచుతాయి. లూజ్ ఉన్న బండికి అలైన్‌మెంట్ చేయించడం దండగ, ఈరోజు పెట్టిన టో రేపు ఉండదు.

షాపులో, "అన్నా, సర్దక ముందు రీడింగ్ కూడా ప్రింట్ ఇవ్వు" అని అడగండి. మీ టైర్ అరుగుదలకి సాక్ష్యం అందులోనే ఉంటుంది, చాలామంది తర్వాతి పేజీ మాత్రమే ఇంటికి తెచ్చుకుంటారు. గ్రీన్ అంటే కంపెనీ ఇచ్చిన రేంజ్ లోపల ఉందని మాత్రమే అర్థం, ఆ రేంజ్ కంపెనీ ఎత్తుకి లెక్కగట్టింది. ఎడమ చక్రం రేంజ్‌లో ఒక చివర, కుడి చక్రం ఇంకో చివర ఉన్నా రెండూ గ్రీనే. అంకెలు చూడండి, రంగు కాదు.

అంకెలు కూడా బాగున్నాయి, జాయింట్లు గట్టిగా ఉన్నాయి, అయినా రంపపు పళ్లు మళ్లీ వస్తున్నాయంటే బంప్ స్టీర్ అయ్యుండొచ్చు. అలైన్‌మెంట్ మెషిన్ బండి నిలబడి ఉన్నప్పుడు కొలుస్తుంది. రోడ్డు మీద చక్రం పైకీ కిందకీ ఆడుతుంటే ఏటవాలుగా ఉన్న టై రాడ్ ఒక వంపులో, సస్పెన్షన్ ఆర్మ్ ఇంకో వంపులో కదులుతాయి. ఆ రెండూ కలవని ప్రతి గతుకు దగ్గరా టో క్షణంపాటు మారిపోతుంది. కంపెనీ ఎత్తులో అవి దాదాపు కలిసేలా ఇంజనీర్లు డిజైన్ చేసి పెట్టారు, మన స్పేసర్ దాన్ని చెడగొట్టింది. పట్టుకోవాలంటే మామూలు ఎత్తులో ఒకసారి, చాసిస్‌ని 5 సెంటీమీటర్లు జాకీతో ఎత్తి స్టాండ్ మీద నిలిపి ఒకసారి, చక్రాల ముందు వెనక దూరాలు కొలవండి. ఎత్తాక టైర్లు నేల మీద బిగుసుకోకుండా ప్రతి చక్రం కింద గ్రీజు రాసిన రెండు రేకులు పెడితే రీడింగ్ సరిగ్గా వస్తుంది. తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పోతుంటే ఏ అలైన్‌మెంట్ షాపూ దాన్ని సరిచేయలేదు. టై రాడ్ కోణాన్ని తిరిగి కంపెనీ కోణానికి దగ్గరగా తెచ్చే డ్రాప్ బ్రాకెట్ కిట్‌కి మారాలి, లేదా లిఫ్ట్‌ని ఒకటిన్నర, రెండు అంగుళాలకి తగ్గించాలి. నన్నడిగితే రోజూ ఆఫీసుకి నడిపే ట్రక్కుకి రెండోదే చవక.

ఏది చేసినా 1,500 కిలోమీటర్ల తర్వాత ఆ 36 రీడింగ్‌లు మళ్లీ తీసి పాత వాటి పక్కన పెట్టండి. మొత్తం లోతు ఎంతుందని కాదు, ఈ 1,500లో లోపలి గాడి ఎంత తగ్గింది, బయటి గాడి ఎంత తగ్గింది అని చూడండి. రెండూ సమానంగా తగ్గుతుంటే టైర్లు వెనక్కి మార్చి వేయించుకుని నడిపేయండి.